ఇల్లంతయు నేసిన చీర

పరిగి పరిసరములలో మల్బరీ సాగుచేసి, హిందూపురపు విపణికి పట్టుగూళ్లు కొనిపోయినవారు మన గ్రంథాలయ చందాదారులలో లేకపోరు. ఆ గూటిదారము ధర్మవరపు చీరయగు త్రోవ చాల దూరమైనది. ఆ త్రోవ పొడవునను మనకు ముఖ్యముగా కానవచ్చునది కర్మాగారము కాదు, సంసారము.

మన సీమలో వస్త్రములయెడ మక్కువ ప్రాచీనమైనది. లేపాక్షి వీరభద్రాలయమున, 16వ శతాబ్దమున విజయనగర ప్రభువుల కాలములో కప్పులపై రచింపబడిన చిత్రములను నిదానించి చూడుడు. ఆ స్త్రీపురుషులు ధరించిన వస్త్రముల అంచులును, చారలును చిత్రకారుని ఊహయే గాక నాటి మగ్గములకు సాక్ష్యము కూడ నని తలంచుట తప్పు కాదు.

ఇక ధర్మవరపు నేతయింటికి వత్తము. పచ్చిపట్టును సబ్బునీట ఉడికించి జిగురు తీయవలెను. దానితో బరువులో ఇంచుమించు నాలుగవవంతు పోవును. పిమ్మట రంగు వేయవలెను, ఆరవేయవలెను. అవ్వ రాట్నముకడ కూర్చుండి కండెలు చుట్టును. వీథిలో పడుగు సాగదీయునాడు, ఎండ ముదరకమునుపే ఇల్లంతయు వెలుపలనే యుండును. తెగిన పోగులను అతుకుటకు లేతకన్నులు కావలెను. గుంటమగ్గమున కూర్చుండువాడు సాధారణముగా తండ్రి. అంచు వేఱు రంగైనచో మూడు నాడెలు ఆడవలెను గనుక ప్రక్కన ఇంకొకరు కావలెను. ఆ ఇంకొకరు పూర్వము తఱచుగా బడికి పోవలసిన ఇంటిబిడ్డయే.

చీరపై పూవులు తీర్చుటకు పోగులు పైకి లాగు పని కూడ ఒకప్పుడు బాలురదే. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరవాసి జకార్డు, రంధ్రముల అట్టలతో నడచు యంత్రమును కల్పించి ఆ పనిని దానికి అప్పగించెను. అది మన మగ్గములపైకి వచ్చినపిదప పోగులు లాగు బాలునకు విముక్తి కలిగెను. కండెలు చుట్టు అవ్వకు కలుగలేదు.

చీర మగ్గము దిగినపిదప షావుకారు మజూరీ ఇచ్చును. ఒక్క చీరకు ఒక్క మొత్తము. అది ఒక్కని పేరనే పద్దుకెక్కును. ఆ పద్దులో అవ్వ లేదు, ఇల్లాలు లేదు. 1985లో కేంద్రప్రభుత్వము శాసనము చేసి కొన్ని వస్త్రములను చేమగ్గములకే ప్రత్యేకించెను. ఆ శాసనముకంటె, లెక్కకురాని ఈ ఇంటిచాకిరియే మరమగ్గముల పోటీనుండి మన మగ్గములను ఎక్కువగా కాపాడినదని నా అభిప్రాయము. 2019-20 నాటి చేనేత గణనలో దేశమందలి చేనేత పనివారు 35 లక్షలకు పైబడిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలే.

ఇప్పుడు నేతయింటి పిల్లలు చదువులకును, ఉద్యోగములకును బెంగుళూరు వంటి నగరములకు పోవుచున్నారు. రాట్నముకడ కూర్చుండువారు లేక, కండెలకు పొరుగువారికి కూలి ఇయ్యవలసి వచ్చినప్పుడు గాని, అవ్వ చేసిన పనికి వెల యెంతయో పలువురు నేతగాండ్రకు తెలియలేదు.