వెలుతురు కర్మాగారం చెప్పే ఆరోగ్యపాఠం



మనం ఆహారాన్ని గురించి, వ్యాయామాన్ని గురించి తరచుగా చర్చించుకుంటాము. పగటివేళలో అధికభాగం గడిపే కార్యాలయపు గోడలను గురించి మాత్రం అంతగా ఆలోచించము. అవి సైతం ఆరోగ్యాన్ని ప్రభావితం చేస్తాయనడానికి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో ఒక చారిత్రక నిదర్శనం ఉన్నది. అదే వాన్ నెల్లే కర్మాగారం.

దాని నేపథ్యం తెలియాలంటే క్షయవ్యాధి చరిత్రను స్మరించాలి. 1882లో రాబర్ట్ కాక్ క్షయకారక సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. దానిపై సమర్థంగా పనిచేసే తొలి ఔషధం స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గాని కనుగొనలేదు. ఈ మధ్యకాలంలో వైద్యులు ప్రధానంగా ఆధారపడినవి విశ్రాంతి, పౌష్టికాహారం, స్వచ్ఛమైన గాలి, ఎండ. మన మదనపల్లె సమీపంలో 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరం శానటోరియం ఆ యుగానికి చెందినదే. నెదర్లాండ్స్‌లో వజ్రాల కార్మికుల సంఘం తమవారి కోసం హిల్వర్సమ్‌లో నిర్మించిన శానటోరియం పేరు ‘జోన్నెస్ట్రాల్’, అనగా సూర్యకిరణం.

గాలి వెలుతురులు రోగికి మేలుచేస్తే, ఆరోగ్యవంతుడైన కార్మికునికి ఎందుకు చేయవు? ఈ భావన బలపడుతున్న రోజులలోనే బ్రింక్‌మన్, వాన్ డెర్ ఫ్లుఖ్ట్ అనే వాస్తుశిల్పుల రూపకల్పనలో వాన్ నెల్లే భవనం లేచి, 1931 నాటికి పూర్తయినది. కాఫీ, తేయాకు, పొగాకులను అక్కడ శుద్ధిచేసి పొట్లాలు కట్టేవారు. పుట్టగొడుగు ఆకారపు కాంక్రీటు స్తంభాలే అంతస్తుల భారాన్ని మోయడంవల్ల బయటిగోడలకు ఆ పని తప్పింది. వాటి స్థానంలో ఉక్కు చట్రాలలో అద్దాలు అమరాయి. పగటి వెలుతురు ప్రతి బల్లనూ చేరింది.

ఇందులో ఒక వైపరీత్యం ఉన్నది. కార్మికుని ఊపిరితిత్తులపై అంత శ్రద్ధ చూపిన ఆ భవనంలో తయారైన సరుకులలో పొగాకు ఒకటి. ధూమపానానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ గల సంబంధాన్ని డాల్, హిల్ పరిశోధన 1950లో బలంగా చూపింది. భవనం ఎంత ఆరోగ్యకరమైనదైనా, అందులో జరిగే పని ఫలితాన్ని అది కడిగివేయలేదు.

1990ల దశకంలో ఉత్పత్తి నిలిచిపోయినప్పుడు భవనాన్ని కూల్చలేదు. వాస్తుశిల్పి వెస్సెల్ డి యోంగె సమన్వయంలో దానిని రూపకల్పన, ప్రచార రంగాల సంస్థలు కలసి పనిచేసే కార్యాలయ సముదాయంగా మార్చారు. యంత్రశాలకు సరిపోయిన ఒంటిపొర అద్దం కదలక కూర్చుని పనిచేసేవారిని చలినుండి, ఎండనుండి, రొదనుండి కాపాడలేదు. అద్దాన్ని మందపాటిదిగా మార్చితే భవనపు తేలికదనం పోతుంది. కనుక పాత అద్దపు గోడను అలాగే ఉంచి, లోపల మరొక అద్దపు తెరను నిలిపారు. రెంటి నడుమనున్న స్థలం వేడిమికీ శబ్దానికీ అడ్డుకట్ట అయినది. 2014లో యునెస్కో ఈ కట్టడాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన ప్రాంతంలోనూ పాత మిల్లులు, గోదాములు ఖాళీగా ఉన్నాయి. అటువంటి చోట మీ కార్యాలయం ఏర్పడితే, అలంకరణకు ముందు కొన్ని విషయాలు విచారించండి. పైకప్పు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉన్నదా? పాత రంగులలో సీసం ఉన్నదా? ఉంటే వాటిని నిపుణులచేతనే తొలగింపజేయాలి. గోకితే లేచే ధూళియే ప్రమాదకరం. గోడలలో చెమ్మ, బూజు ఉన్నాయా? కిటికీలు తెరుచుకుంటాయా? నలుగురు కలసి కూర్చునే గదిలో గాలి మారకపోతే, ఒకరి జలుబు నలుగురిదీ అవుతుంది. పడమటి అద్దాలకు బయటినుండే నీడ కల్పించాలి. మన ఎండ రోటర్‌డామ్ ఎండ కాదు.

మరొక మాట. అద్దం గుండా వచ్చే వెలుతురు నిద్రామెలకువల లయకు మేలుచేస్తుంది గాని, విటమిన్ డి ఇవ్వదు. అందుకు కావలసిన కిరణాలను అద్దం చాలామటుకు అడ్డుకుంటుంది. కాబట్టి ఎంత మంచి భవనంలో ఉన్నా, రోజూ కొంతసేపు దానినుండి బయటకు రండి.