వాల్తేరు స్టేషన్‌లో 25 నిమిషాలు



మా అనకాపల్లిలో రైలెక్కితే గంటలోపే విశాఖలో దిగిపోతాం. మా ఇళ్లలో బుజుర్గులు ఇప్పటికీ ఆ స్టేషన్‌ని వాల్తేరనే అంటారు. చదువులకీ, నౌకరీలకీ, దవాఖానాలకీ మనవాళ్లు రోజూ అక్కడ దిగుతుంటారు. మన తారీఖ్‌లో ఒక పెద్ద ఘట్టం ఆ స్టేషన్ గేటు దగ్గరే జరిగిందని మాత్రం చాలామందికి తెలీదు. 1921 సెప్టెంబర్ 14న మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ సాహెబ్‌ని అక్కడే గిరఫ్తార్ చేశారు. పక్కనే గాంధీజీ ఉన్నారు. మౌలానా గారి షరీకె హయాత్ అమ్జదీ బేగం కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు.

వాళ్లు మద్రాసు వైపు వెళ్తున్నారు. మలబారులో మాపిళ్లల తిరుగుబాటు మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. అక్కడికి వెళ్లి అమన్ గురించి మాట్లాడాలని ఇద్దరి ఇరాదా. కానీ హుకూమత్ కళ్లలో మౌలానా అప్పటికే ముజ్రిమ్. ఆ జూలైలో కరాచీలో ఆయన సదారత్‌లో జరిగిన ఖిలాఫత్ కాన్ఫరెన్స్, అంగ్రేజుల ఫౌజులో కొలువు చేయడం ముసల్మాన్‌కి హరామ్ అని తీర్మానించింది. ఆయన మీద మోపిన జుర్మ్ ఇదే. కత్తి పట్టలేదు, బాంబు వేయలేదు. ఒక మాట అన్నారు, అంతే.

రైలు వాల్తేరులో 25 నిమిషాలకు పైగా ఆగుతుంది. ఆ వ్యవధిలో బయట చేరిన అవామ్‌తో మాట్లాడదామని ఇద్దరూ గేటు దాటారు. నాలుగడుగులు వేశారో లేదో పోలీసులు మౌలానాని ఆపి కాగితం చేతికిచ్చారు. ఆయన దాన్ని గాంధీజీకి వినపడేలా గట్టిగా చదివారు. నవ్వుతూ చెయ్యి ఊపి పోలీసుల వెంట నడిచారు.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఇద్దరు వస్తారనుకుంటే ఒక్కరే వచ్చారు. రెండో ఆయన్ని వాళ్ల ఊళ్లోనే, వాళ్లకి కూతవేటు దూరంలోనే పట్టుకుపోయారు. ఒక్క రాయి లేస్తే చాలు, తుపాకులు పేలడానికి బహానా దొరికేది. గాంధీజీ వెనక్కి తిరిగి రైలెక్కలేదు. నేరుగా జనం దగ్గరికి వెళ్లి, శాంతంగా ఉండమని చెప్పి, చెప్పాల్సిన మాటలు పూర్తి చేసి, అప్పుడు స్టేషన్‌కి వచ్చారు. రైలు కదిలింది. మా అనకాపల్లి మీదుగానే దక్షిణానికి పోయింది.

అహింస అనగానే మనకి ఉపవాసాలు, ఉప్పు, చరఖా గుర్తొస్తాయి. నా నజర్‌లో అసలు ఇమ్తిహాన్ అవేవీ కాదు. నాయకుణ్ణి తీసుకుపోయిన మరుక్షణం జనం ఏం చేస్తారన్నదే అసలు ఇమ్తిహాన్. వాల్తేరులో ఆ క్షణాన జనం ముందు నిలబడి మాట్లాడే మనిషి ఒకరున్నారు.

బేగం సాహెబా సంగతీ చెప్పాలి. షౌహర్‌ని కళ్లముందే తీసుకుపోతే ఆమె ఇంటికి తిరిగి వెళ్లిపోలేదు. ముతక ఖద్దరు కట్టుకుని, పర్దా విడవకుండానే సభల్లో మాట్లాడారు, చందాలు పోగుచేశారు. ఆమె ధైర్యం గురించి గాంధీజీ తన పత్రికలో ప్రత్యేకంగా రాశారు. ఇలాంటి తల్లుల పేర్లు మన ఆడపిల్లలకి ఎందుకు పెట్టుకోమో నాకు అర్థం కాదు.

తర్వాతి కథ కరాచీలో నడిచింది. ఖాలిక్‌దీనా హాల్లో ముఖద్దమా. మౌలానాతో పాటు ఆయన అన్న షౌకత్ అలీ, దేవ్‌బంద్ ఆలిమ్ మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ బోనెక్కారు. శారదాపీఠం శంకరాచార్యులు కూడా అదే బోనులో నిలబడ్డారు. ఈ ఒక్క తస్వీర్‌ని ఇవాళ్టి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే ఎంతమంది నమ్ముతారో. శంకరాచార్యుల్ని విడిచిపెట్టి, మిగతావాళ్లకి రెండేళ్ల కఠిన ఖైదు వేశారు.

జవాబు జైలు గోడలు పగలగొట్టి ఇవ్వలేదు. అక్టోబర్ 4న గాంధీజీతో కలిపి 47 మంది నాయకులు ఒక ప్రకటన మీద దస్తఖత్ చేసి, మౌలానా అన్న మాటనే మళ్లీ అన్నారు. సర్కారు కొలువు చేయాలా వద్దా అన్నదాని మీద తన రాయ్ చెప్పడం ప్రతి మనిషికీ పుట్టుకతో వచ్చిన హక్ అన్నారు. అక్టోబర్ 16న దేశమంతటా కాంగ్రెస్ కమిటీలు జల్సాలు పెట్టి అదే తీర్మానం చదివాయి. మాట అన్నందుకు ఒకరిని పట్టుకుంటే, అదే మాట వేలమంది అన్నారు. ఇంతమందిని పట్టుకోలేక హుకూమత్ చూసీచూడనట్టు ఊరుకుంది. పౌరహక్కుల గురించి మనం ఇవాళ మాట్లాడే భాష ఇలాంటి చోట్లే తయారైంది.

ఇదే ఇమ్తిహాన్ 1930లో పెషావర్‌కి వచ్చింది. ఏప్రిల్ 23న బాద్‌షా ఖాన్‌ని గిరఫ్తార్ చేశారు. అదే రోజు ఖిస్సా ఖ్వానీ బజారులో జనం మీద కాల్పులు జరిగాయి. సాయుధ కారు ఒకటి తగలబడిన మాట నిజమే, దాచక్కర్లేదు. కానీ బందూకు ఇంట్లో వస్తువులా ఉండే పఠాన్లు బందూకు తియ్యకుండా తూటాలకి ఎదురు నిలిచారు. గఢ్వాలీ సిపాయిలు వాళ్ల మీద కాల్చమంటే కాల్చం అన్నారు. అక్కడ జనానికి సర్దిచెప్పే గాంధీ లేరు. ప్రతి ఖుదాయీ ఖిద్మత్‌గార్ లోపల ఒక ప్రమాణం ఉంది: హింస చెయ్యను, బద్లా తీర్చుకోను అని. సబ్ర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదనీ, అది మక్కాలో ప్రవక్త (స) పట్టిన ఆయుధమనీ బాద్‌షా ఖాన్ వాళ్లకి నేర్పారు.

ఇక మా ఊరి సంగతి. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం నిరశన మొదలుపెట్టారు. అంతకుముందు నెల్లూరులో ఆయన ఎండలో చెప్పుల్లేకుండా, దళితుల హక్కుల కోసం రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని తిరిగేవారు. చూసినవాళ్లు పిచ్చివాడనుకున్నారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని ఆయన నిరశన చేశారు, సాధించారు. అలాంటి మనిషి డిసెంబర్ 15 రాత్రి, 58 రోజుల ఆకలి తర్వాత ఇంతిఖాల్ అయ్యారు. వార్త పాకిన ఊరల్లా మండింది. రైళ్లు ఆపారు, సర్కారీ ఆస్తులు ధ్వంసం చేశారు. మా అనకాపల్లిలో పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం అబద్ధం కాదు. కానీ వాల్తేరులో జనానికీ కోపానికీ మధ్య నిలబడ్డ మనిషి ఆ పూట ఇక్కడ లేడు. పెషావర్‌లోలా ప్రమాణమూ లేదు.

డిసెంబర్ 19న నెహ్రూ గారు ప్రకటన చేశారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తర్వాత దేశం మొత్తానికీ రాష్ట్రాల హద్దులు తేల్చడానికి వేసిన కమిషన్‌కి సదర్ మన జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ. ఇదీ పిల్లలకి చెప్పండి.

ఇదంతా చెప్పినప్పుడు ఇంటర్ చదివే మా భాంజా అడిగాడు, "మామూ, నిరశన 58 రోజులు చేస్తే రాలేదు, గొడవైన నాలుగు రోజులకే వచ్చింది కదా?" అని. నేనన్నాను, "బేటా, ఆ గొడవకి ముందు ఆ మౌత్ ఉంది. అది లేకుండా రైళ్లు ఆపి ఉంటే, కాల్చి, కేసులు పెట్టి, మర్చిపోయేవాళ్లు. నెల్లూరు గుడి తలుపులు తెరుచుకోవడానికి ఎవరి లాషూ లేవలేదు." వాడు తల ఊపలేదు. "మరి మా ఊళ్లో చనిపోయినవాళ్ల సంగతి?" అన్నాడు.