గుఱ్ఱము పుట్టినిల్లు

2001వ సంవత్సరములో బి.బి.సి. సంస్థ 'వాకింగ్ విత్ బీస్ట్స్' అను ఆరు భాగముల టెలివిజన్ చిత్రమాలను ప్రసారము చేసెను. క్షీరదముల పూర్వచరిత్రయే దాని విషయము. మొదటి భాగములో సుమారు 4 కోట్ల 90 లక్షల సంవత్సరముల నాటి జర్మనీ అడవి కనిపించును. అందు చిన్న కుక్క ప్రమాణము గల ఒక జంతువు ఆకులు మేయుచుండును. ప్రొపాలియోథీరియం అని దాని పేరు. అది గుఱ్ఱమునకు జ్ఞాతి. దానిని చూచినవారు గుఱ్ఱము ఐరోపాలోనే పుట్టినదని తలంచిన ఆశ్చర్యము లేదు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులును అట్లే తలంచిరి.

అందులకు కారణము లేకపోలేదు. ఐరోపా శిలలలో పాలియోథీరియం, ఆంకిథీరియం, హిప్పారియన్ అను జంతువుల శిలాజములు వరుసగా ఒకదాని పైపొరలో ఒకటి దొరకెను. మొదటి దాని పాదమునకు మూడు వ్రేళ్ళు గట్టిగా నుండెను. పైపొరలకు వచ్చిన కొలది ప్రక్కవ్రేళ్ళు చిన్నవై, నడిమి వ్రేలు పెద్దదయ్యెను. వీని చివర నేటి గుఱ్ఱమును చేర్చి 1870లో ఇంగ్లండులో టామస్ హక్స్‌లీ, 1873లో రష్యా దేశీయుడైన వ్లదిమీర్ కొవలెవ్‌స్కీ వంశక్రమమును కూర్చిరి.

ఇక అమెరికా సంగతి వేఱు. స్పెయినువారు వచ్చునాటికి అచటి జనులు గుఱ్ఱమును ఎఱుగరు. కొలంబస్ 1493లో కరిబియన్ దీవులకును, కోర్టెజ్ 1519లో మెక్సికోకును గుఱ్ఱములను ఓడలలో తెచ్చిరి. అట్టి ఖండములో, 1833లో చార్లెస్ డార్విన్ అర్జెంటీనాలోని శాంతాఫే వద్ద, అంతరించిన జంతువుల ఎముకలున్న పొరలోనే ఒక గుఱ్ఱపు పన్నును కనుగొనెను. రిచర్డ్ ఓవెన్ దానిని పరీక్షించి గుఱ్ఱపు పన్నేయని నిర్ణయించెను. అనగా మనుష్యుడు తెచ్చుటకు ఎంతో పూర్వమే గుఱ్ఱము అచట ఉండెను, పిమ్మట నశించెను.

1876 ఆగస్టులో హక్స్‌లీ అమెరికా వెళ్ళి, యేల్ విశ్వవిద్యాలయములో ఓత్నియల్ మార్ష్ సేకరించిన శిలాజములను చూచెను. ఏ దశకు సాక్ష్యము అడిగినను మార్ష్ ఒక పెట్టె తెప్పించి చూపుచుండెను. ఐరోపా వరుసలో నున్న ఖాళీలు ఈ వరుసలో లేవు. హక్స్‌లీ తాను స్వయముగా ప్రకటించిన సిద్ధాంతమును విడిచి, సెప్టెంబరులో న్యూయార్కు ఉపన్యాసమును అమెరికా సాక్ష్యముపై నిలిపెను. ఇంకను పురాతనమైన పూర్వీకుడు దొరకవలెనని కూడ చెప్పెను. ఆ సంవత్సరమే మార్ష్ ఈయోహిప్పస్‌ను వర్ణించెను. దాని ముందరి పాదమునకు నాలుగు, వెనుక పాదమునకు మూడు వ్రేళ్ళు, ఒడలు నక్కంత.

ఉత్తర అమెరికాలో అడవులు తగ్గి పచ్చిక మైదానములు విస్తరించెను. గడ్డిలో ఇసుకవంటి సిలికా ఉండును. అది పండ్లను అరగదీయును. కావున ఎత్తైన దవడపండ్లు గల జాతులు నిలిచెను. ఆరుబయలున వేగముగా పరుగెత్తుటకు పొడవైన కాళ్ళు, చివరకు ఒంటిగిట్ట ఏర్పడెను.

మఱి ఐరోపా వరుస ఎట్లు కలిగెను? దానికి సమాధానము వలస. పాలియోథీరియం ఐరోపాలోనే అంతరించిన ఒక ప్రక్కశాఖ. ఆంకిథీరియం సుమారు 1 కోటి 80 లక్షల సంవత్సరముల క్రితమును, హిప్పారియన్ 1 కోటి 10 లక్షల సంవత్సరముల క్రితమును, నేటి గుఱ్ఱపు ప్రజాతియగు ఈక్వస్ సుమారు 26 లక్షల సంవత్సరముల క్రితమును అమెరికా నుండి ఆసియాకు వచ్చి, అచటినుండి వ్యాపించెను. సైబీరియా, అలాస్కాల నడుమ నేడు బేరింగ్ జలసంధి యున్నది. సముద్రమట్టము తగ్గినప్పుడెల్ల అది నేలయై దారి యిచ్చెడిది. మన శివాలిక్ కొండలలో దొరకిన హిప్పారియన్ జాతుల ఎముకలును, వాని తరువాతి పొరలలోని ఈక్వస్ శివాలెన్సిస్ ఎముకలును ఈ వలసలకు సాక్షులు. కనుక ఐరోపాలో కనబడినది తండ్రి, కొడుకు, మనుమడు కాదు. వేఱువేఱు కాలములలో వచ్చిన అతిథులు.

ఈ రాకపోకలు ఒకవైపే సాగలేదు. ప్రాచీన అశ్వముల ఎముకలలోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి 2021లో ప్రకటించిన పరిశోధన, గుఱ్ఱములు ఆ దారిని రెండు వైపుల దాటినవని తెలిపినది. సుమారు 10,000 సంవత్సరముల క్రితము అమెరికాలో గుఱ్ఱపు మందలు అంతరించెను. మెట్టినింట మిగిలిన సంతతియే స్పెయిను ఓడలెక్కి పుట్టినిల్లు చేరెను.

పాఠ్యపుస్తకములలో గుఱ్ఱపు పరిణామమును నాలుగైదు మెట్ల నిచ్చెనగా చిత్రించుట వాడుక. నిజమునకు అది అనేక కొమ్మలు గల చెట్టు. వానిలో నేడు మిగిలినది ఈక్వస్ అను ఒక్క రెమ్మయే. గుఱ్ఱము, గాడిద, చారలగుఱ్ఱము దాని ఆకులు. ఒక్క దేశపు శిలలను మాత్రమే చదివినవారికి చెట్టు నిచ్చెనగా తోచును. వంశవృక్షము ప్రక్కన ప్రపంచ పటమును పఱచినప్పుడే విద్యార్థికి క్షీరదముల చరిత్ర సరిగా బోధపడును.