క్యాంపు రైతు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: “నిజాంసాగర్ కాలువ కింద క్యాంపు వేసుకొని, బీడును తరి చేసి, ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతు.”

ఇది ఏ గ్రంథంలోని వాక్యమూ కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి నిజామాబాదు జిల్లాలోని బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూర్ వైపు వచ్చిన తొలితరం కాపురాల కథను ఒక్క ముక్కలో చెప్పబోతే ఇలా తేలుతుంది. క్రియలు మూడు, కర్త ఒక్కడు. అంతా అతని చేతిమీదుగానే జరిగినట్టుంటుంది. పదం పదం విప్పి చూడాలి.

నిజాంసాగర్ – మంజీర నది మీద ఆనకట్ట. అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల దగ్గర 1923లో పని మొదలై 1931లో ముగిసింది. కట్టించిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. అనుకున్న ఆయకట్టు 2,75,000 ఎకరాలు. జలాశయం అడుగున మునిగిన పల్లెల వాళ్లు వాక్యంలో కనిపించరు. వాళ్లూ రైతులే, వాళ్లదీ వలసే. కాకపోతే అడిగి చేసుకున్న వలస కాదు.

కాలువ కింద – అంటే ఆయకట్టులో. నీళ్లు వచ్చాయి గాని వెంటనే వరి రాలేదు. స్థానిక రైతులకు వ్యవసాయం చేతకాక కాదు, ఆ మాట తరచూ వినిపిస్తుంది గాని అది తేలికపాటి మాట. చెరువు కింద వరి వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఖుష్కిలో, అంటే మెట్టలో, జొన్న, కంది, పత్తి వేసుకునే రైతు ఆ పొలాన్ని కాలువ నీటికి మార్చాలంటే చదును చేయాలి, ఎడ్లు కావాలి, కూలీలు కావాలి, ఆ పైన తరి (మాగాణి) శిస్తు కట్టాలి. ఇంత పెట్టుబడి చేతిలో లేనివాడికి కాలువ వరం కాదు, బరువు. నీళ్లు తెచ్చిన నిజాం సర్కారుకు శిస్తు కావాలి. అందుకే డెల్టా సేద్యం తెలిసిన కోస్తా రైతుల వైపు చూసింది. గోదావరి మీద ఆనకట్ట 1852లో, కృష్ణ మీద 1855లో పూర్తయ్యాయి. అంటే 1930ల నాటికి అక్కడి రైతుకు కాలువతో మూడు తరాల పరిచయం, దానితోపాటే మూడు తరాల పంపకాలు. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన రెండు మూడెకరాలు అమ్మితే ఇక్కడ దానికి ఎన్నో రెట్ల నేల వచ్చేది.

క్యాంపు వేసుకొని – అసలు బతుకంతా ఈ రెండు మాటల్లో ఉంది. బెజవాడలో రైలెక్కి కాజీపేట మీదుగా సికింద్రాబాదు, అక్కడ మీటర్ గేజి బండిలోకి మారితే నిజామాబాదు, ఆ తర్వాత ఎడ్లబండి. దిగేది మరో దేశంలోనే అనుకోవచ్చు. జేబులోవి బ్రిటిష్ కల్దారు రూపాయలు, ఇక్కడ చెల్లేవి నిజాం హాలీ సిక్కాలు. ఆరు కల్దారులకు ఏడు హాలీలు. కాగితాల మీద ఫస్లీ సంవత్సరం, కచేరీలో ఉర్దూ. పహాణీలో తన పొలం గురించి ఏం రాశారో తెలుసుకోవాలంటే పట్వారీని బతిమాలుకోవాలి. పిల్లవాణ్ని బడికి పంపితే అక్కడా ఉర్దూయే. అందుకే వీలున్నవాళ్లు చదువుకు పిల్లల్ని తాతగారింటికి పంపేశారు.

పాత ఊరి నడుమ ఇల్లు దొరకదు, దొరికినా పొలం దూరం. కాబట్టి కాలువకు దగ్గరగా, తమవాళ్లు పది ఇళ్లు ఒకచోట వేసుకున్నారు. గడ్డి కప్పిన పాకలు, పక్కనే పశువుల కొట్టం. నాలుగేళ్లు చూసి నిలబడితే ఉందాం, లేకపోతే పోదాం అన్నట్టుండే గుడిసెలు. ఆ తర్వాత మిద్దెలు లేచాయి, గుళ్లు వెలిశాయి. పేరు మాత్రం మారలేదు. సాలూర వేరు, సాలూర క్యాంపు వేరు. ఊరికీ క్యాంపుకీ మధ్య దూరం నడకలో కొంచెమే, పెళ్లిపిలుపుల్లో చాలా ఎక్కువ. సంబంధాలు చాలాకాలం కోస్తా నుంచే కుదుర్చుకున్నారు.

‘వేసుకొని’ అన్న క్రియ మగవాడిదిగా వినిపిస్తుంది. పాకలో పొయ్యి రాజేసింది, పాడి చూసింది, నాట్లనాడు కూలీలకు వండి పెట్టింది అతని భార్య. కొత్తగా నీళ్లు పారిన నేలకు దోమలూ, మలేరియా జ్వరాలూ తోడు వచ్చాయి. పురుటికి పుట్టింటికి వెళ్లడమంటే ఆ రైళ్లన్నీ మళ్లీ ఎక్కాలి. అతను సేద్యం కోసం వచ్చాడు. ఆమె అతను వచ్చాడు కనుక వచ్చింది. తొలి ఏళ్లలో తిరిగి పోదామన్న మాట ఆ పాకల్లో ఎవరి నోట ఎక్కువసార్లు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1947–48 రజాకార్ల రోజుల్లో కొందరు నిజంగానే కోస్తాకు వెళ్లిపోయి, పోలీసు చర్య తర్వాత మళ్లీ వచ్చారు.

బీడును – కొన్నవాడి లెక్కలో బీడు. అమ్మినవాడి లెక్కలో అది జొన్నచేను, లేదా మేత బీడు. అమ్మకం చట్టప్రకారమే జరిగి ఉండవచ్చు, ధర కూడా ఆనాటి ధరే. కాలువ విలువ మాత్రం ఆ ధరలోకి పూర్తిగా రాలేదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఆందోళనలోనూ, ఆ తర్వాతి ఉద్యమంలోనూ క్యాంపుల వైపు చూసిన చూపుల్లోని కినుకకు ఒక వేరు ఇక్కడుంది.

తరి చేసి – మెరక కొట్టడం, పల్లం పూడ్చడం, గట్లు వేయడం, పిల్లకాలువ తవ్వడం. రైతు ముందు నడిచాడు, నిజమే. పార పట్టిన చేతుల్లో ఎక్కువ భాగం చుట్టుపక్కల పల్లెల కూలీలవి.

ఫ్యాక్టరీకి – బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. వేల ఎకరాల సొంత ఫారాలు ఉండేవి, అయినా రైతుల చెరకు లేనిదే గానుగ నిండేది కాదు. వరి బియ్యంగా ఇంట్లోకీ వస్తుంది, సంతకూ పోతుంది. చెరకు రైతుకు కొనేవాడు ఒక్కడే ఉండేవాడు.

చెరకు తోలిన – మూడు కళ్ల ముచ్చెలు నాటిన దగ్గర్నుంచి నరికేదాకా ఏడాది పంట. రెండో ఏడు మోళ్ల నుంచి మళ్లీ మొలిచే కార్శి తోట ఖర్చు తగ్గిస్తుంది. తోట ఎంత బాగా ఎదిగినా ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రానిదే కత్తి పెట్టడానికి వీలుండేది కాదు. నరికాక గడ ఆగదు. రోజు దాటితే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరుసలో ఎడ్లు నెమరువేస్తుంటే రైతు డబ్బు గాలికి ఆరిపోతుండేది. నరికేవాళ్లు చాలావరకు మహారాష్ట్ర నుంచి కుటుంబాలతో వచ్చి, తోటల పక్కనే గుడిసెలు వేసుకొని, సీజన్ అయ్యాక వెళ్లిపోయేవారు. వాళ్లవీ క్యాంపులే, పేరు మిగలని క్యాంపులు.

‘తోలిన’ అని భూతకాలంలో ఉండటమూ సరైనదే. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. తర్వాత తోటలు చాలావరకు వరి మడులయ్యాయి.

రైతు – వాక్యమంతా ఈ మాట కోసమే ఎదురుచూసింది. అతని పేరు పట్టాలో ఉంది. భార్య పేరు చాలా పట్టాల్లో లేదు, గట్లు వేసినవాళ్లదీ, గడలు నరికినవాళ్లదీ ఉండే వీలే లేదు. ఇప్పుడు చాలాచోట్ల మనవలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. పొలం కౌలుకు తీసుకున్నది పక్క ఊరివాడు, ఒక్కోచోట ఆ నేలను ఒకనాడు అమ్మిన ఇంటివాడే. 2018లో ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో రైతుబంధు మొదలైనప్పుడు, ఆ సొమ్ము కౌలుదారుకు కాక పట్టాదారు ఖాతాకే వెళ్లింది.