చేతికి జ్ఞాపకం ఎక్కువ

కట్టెల పొయ్యి పోయి గ్యాసు పొయ్యి వచ్చిన కొత్తలో మా అమ్మ ఒకటే సణుగుడు. కట్టెల పొయ్యి ఆరిందో లేదో కంటికి కనబడేది. ఇదేమో రెగ్యులేటరు కట్టేసినా గొట్టంలో కాస్త మిగిలే ఉంటుందాయె!

మొన్న నస్రుల్లాబాద్‌లో, 2016లో మండలమైన ఊళ్లో, బస్సు కోసం నిలబడి ఒక ఎస్సైగారి నడుమున ఒర చూస్తే ఆ సణుగుడే గుర్తొచ్చింది.

పాతకాలపు పోలీసు అధికారి నడుమున ఉండేది వెబ్లీ రివాల్వరు. 6 గదులు, 6 తూటాలు. మెడ వంచితే గదులన్నీ కళ్లెదుటే. ఖాళీ అంటే ఖాళీయే.

తర్వాత పిస్తోలు వచ్చింది. అమెరికా బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, బెల్జియంలో 1935 నాటికి పూర్తయిన నమూనా అది. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో మనమూ చేసుకున్నాం. పిడిలోనే 13 తూటాలు. 1980ల్లో ఆస్ట్రియాలో పుట్టిన గ్లాక్‌ 17కి 17.

చిక్కల్లా ఇక్కడే. మ్యాగజైను లాగేసినా గొట్టం మొదట్లో ఒక తూటా దాగి ఉండొచ్చు. గ్లాక్ అయితే అప్పుడూ పేలుతుంది. ముందు మ్యాగజైను తియ్యాలి, తర్వాతే పైభాగం వెనక్కి లాగాలి, లోపల చూడాలి, వేలితో తడమాలి. వరస తప్పి ముందే లాగారో, లోపలికి ఇంకో తూటా ఎక్కి కూచుంటుంది! ఏళ్ల తరబడి రివాల్వరు పట్టిన చెయ్యి "ఖాళీ" అనుకున్న ఆ ఒక్క క్షణంలో, పక్కన కూచున్న కానిస్టేబుల్ ప్రాణం ఉంటుంది. అందుకే కొత్త ఆయుధంతో గురి నేర్చుకోవడం కన్నా పాత అలవాటు మానడమే పెద్ద చదువు.

ఇంటికొచ్చి రెగ్యులేటరు మరోసారి చూసుకున్నాను.