ఆలోచన ఒక దారా, రెండు దారులా? తెనాలి సంస్కరణ చరిత్ర నుంచి ఒక పరిశీలన

మనిషి ఆలోచన ఒకే మానసిక వ్యవస్థ మీద నడుస్తుందా, రెండింటి మీదా? ఇది మనస్తత్వశాస్త్ర ప్రశ్న. అయినా చరిత్ర విద్యార్థిగా మీకూ అవసరమే. వాదనతో సమాజాన్ని మార్చవచ్చా అన్నది కొంతవరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

1975లో పీటర్ వేసన్, జోనథన్ ఎవాన్స్ ఒక విషయం గమనించారు. తర్కపరీక్షలో మనుషులు ముందు జవాబు ఎంచుకుని, కారణాలు తరువాత వెతుక్కుంటున్నట్లు వారికి తోచింది. ఈ ఆలోచనే క్రమంగా రెండు వ్యవస్థల సిద్ధాంతంగా ఎదిగింది. ఒకటి వేగంగా, అలవాటుగా పనిచేస్తుంది. రెండోది నిదానంగా, శ్రమతో పనిచేస్తుంది. 2011లో డేనియల్ కానమన్ పుస్తకం దీనికి విస్తృత ప్రచారం తెచ్చింది. అదే సంవత్సరం క్రుగ్లాన్స్కీ, గిగరెంజర్ దీన్ని కాదన్నారు. వేగమైన తీర్పుకూ నిదానమైన తీర్పుకూ ఒకే రకమైన నియమాలు ఆధారమని వారి వాదం.

ఇప్పుడు తెనాలికి రండి. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన త్రిపురనేని రామస్వామి (1887–1943) తెనాలిలో స్థిరపడి, పురపాలక సంఘం అధ్యక్షులయ్యారు. 'సూతపురాణం'లో పురాణాలను తర్కంతో ప్రశ్నించారు. గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించారు. కానీ పెళ్లితంతును తీసివేయలేదు. 'వివాహవిధి' రచించి, వధూవరులకు అర్థమయ్యే తెలుగులో పెళ్లిళ్లు జరిపించారు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? రెండు వ్యవస్థల దృష్టితో చూస్తే, పుస్తకం నిదానమైన ఆలోచనను, తెలిసిన తంతు అలవాటును తాకాయి. ఒకే వ్యవస్థ దృష్టితో చూస్తే, మంత్రం అర్థమైనప్పుడు అలవాటే ఆలోచనగా మారింది. ఈ ఒక్క ఉదాహరణతో వివాదం తేలదు.

అయితే ఒక పొరపాటును మాత్రం ఇది సరిదిద్దుతుంది. సంస్కర్తది బుద్ధి, జనానిది మూఢత్వం అని మనం సులభంగా రాసేస్తాం. రెండు సిద్ధాంతాల్లో ఏదీ దీన్ని సమర్థించదు. రెండు వ్యవస్థలున్నా అవి ప్రతి మనిషిలోనూ ఉంటాయి. బలి ఇస్తే ఊరికి రోగం రాదన్న నమ్మకంలోనూ 'ఇలా చేస్తే ఇలా జరుగుతుంది' అనే అనుమానం ఉంది. ఆధారం తప్పు కావచ్చు, ఆలోచన లేదనలేం.

అభ్యాసం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో తెలుగు మంత్రాలతో పెళ్లి చేసుకున్న పెద్దలు మీకు తెలిస్తే, ఆ పద్ధతి ఎందుకు ఎంచుకున్నారో అడగండి. వారు చెప్పిన కారణం పెళ్లికి ముందటిదా, తరువాత కుదిరినదా? మీ అభిప్రాయం పది వాక్యాల్లో రాయండి.