వస్తు జీవిత చక్రం: చేతక్ స్కూటర్ కథలో గ్రాఫ్ చూపించనిది

1970ల్లో, 80ల్లో మధ్యతరగతి కుటుంబం స్కూటర్ కొనాలనుకుంటే ముందు డబ్బు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత ఎదురుచూడాలి. బజాజ్ చేతక్ చేతికి రావడానికి ఏళ్లు పట్టేది, కొందరికి పదేళ్లు కూడా పట్టింది. ప్రభుత్వోద్యోగులకు ఒక కోటా, విదేశీ మారకద్రవ్యంలో చెల్లించేవారికి మరో దారి ఉండేవి. చేతికొచ్చిన స్కూటర్‌ను వెంటనే అమ్మేసినా కొన్న ధర కంటే ఎక్కువే వచ్చేది. అలాంటి చేతక్ తయారీ 2000 దశకం మధ్యకల్లా నిలిచిపోయింది. 2009 డిసెంబరులో బజాజ్ ఆటో స్కూటర్ల వ్యాపారం నుంచే పూర్తిగా తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు చదువుకునే వస్తు జీవిత చక్రానికి ఇది అచ్చమైన ఉదాహరణలా కనిపిస్తుంది. ఆ సిద్ధాంతం ప్రకారం ప్రతి వస్తువూ ప్రవేశం, వృద్ధి, పరిపక్వత, క్షీణత అనే నాలుగు దశలు దాటుతుంది. ప్రవేశ దశలో అమ్మకాలు తక్కువ, ఖర్చు ఎక్కువ. వస్తువు ఉందని, దాని వల్ల ఉపయోగం ఉందని జనానికి తెలియజెప్పడమే అప్పటి పని. వృద్ధి దశలో పోటీదారులు దిగుతారు కాబట్టి డీలర్లను పెంచుకోవాలి. పరిపక్వ దశలో కొత్త కొనుగోలుదారులు తగ్గుతారు. ధర తగ్గింపులు, చిన్న చిన్న మార్పులు, భారీ ప్రకటనలతో ఉన్న వాటాను కాపాడుకోవాల్సి వస్తుంది. క్షీణ దశకు చేరాక ఖర్చు తగ్గించి వచ్చినంత రాబట్టుకోవడమో, తప్పుకోవడమో, కొత్త ఉపయోగం వెతకడమో మిగులుతుంది.

ఈ భావనను వ్యాపార నిర్ణయాలకు ఎలా వాడుకోవచ్చో హార్వర్డ్ ఆచార్యుడు థియోడర్ లెవిట్ 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించారు. ఆయన అసలు ఉద్దేశం దశలకు పేర్లు పెట్టడం కాదు, క్షీణతను ముందే ఊహించి వాయిదా వేయడం. ఆయన చూపిన ఉదాహరణ నైలాన్. మొదట పారాచూట్లు, తాళ్లు వంటి సైనిక అవసరాలకు పనికొచ్చిన ఆ దారం తర్వాత స్త్రీల మేజోళ్లలోకి, టైర్లలోకి, తివాచీల్లోకి వెళ్లింది. ఒక ఉపయోగంలో గిరాకీ తగ్గే వేళకు మరొకటి అందుకుంది.

చేతక్ దగ్గరికి వస్తే, దానికి ప్రవేశ దశ దాదాపు లేదనే చెప్పాలి. బజాజ్ 1960 నుంచి ఇటలీ కంపెనీ పియాజియో ఒప్పందంతో వెస్పా స్కూటర్లు తయారుచేసింది. 1971లో ఆ ఒప్పందం ముగిసింది, 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. వస్తువు కొత్తది కాదు, పేరే కొత్తది. ఇక ఎన్ని స్కూటర్లు తయారుచేయాలో నిర్ణయించింది లైసెన్సు. ఆ కాలపు అమ్మకాలతో గ్రాఫ్ గీస్తే కనిపించేది ప్రభుత్వం అనుమతించిన సామర్థ్యమే తప్ప జనం కోరిక కాదు. లక్నోలోని స్కూటర్స్ ఇండియా విజయ్ సూపర్‌ను, హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్‌ను తెచ్చినా చేతక్‌కున్న మోజు వాటికి దక్కలేదు. వరుసలో నిలబడ్డ కొనుగోలుదారుణ్ణి ఒప్పించాల్సిన పని బజాజ్‌కు లేదు. మార్కెటింగ్ అవసరమే లేని పరిపక్వత అది.

1980ల మధ్యలో విదేశీ భాగస్వామ్యాలకు తలుపులు తెరుచుకోవడంతో అసలు పోటీ మొదలైంది. 1984లో గేర్లు లేని కైనెటిక్ హోండా వచ్చింది. బటన్ నొక్కితే స్టార్టయ్యేది. 1985లో హీరో హోండా సీడీ 100 మోటార్‌సైకిల్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌తో, మంచి మైలేజీతో దిగింది. చేతక్ మాత్రం పెట్రోల్‌లో ఆయిల్ కలుపుకుని నడిచే టూ స్ట్రోక్ బండి. మొరాయిస్తే ఒక పక్కకు వంచి, మళ్లీ కిక్ కొట్టాలి. ఆ విద్య తెలియని ఇల్లు ఆ రోజుల్లో తక్కువే. 1989లో వచ్చిన ప్రఖ్యాత ‘హమారా బజాజ్’ ప్రకటన ఇంజిన్ గురించి, మైలేజీ గురించి ఏమీ చెప్పదు. కుటుంబాన్ని, దేశాన్ని, ఆత్మీయతను చూపిస్తుంది. పరిపక్వ దశలో బ్రాండ్‌ను నిలబెట్టే ప్రయత్నంగా అది గొప్పదే. అయితే ప్రకటన మారినంతగా బండి మారలేదు.

1990ల చివరికి మోటార్‌సైకిళ్లు స్కూటర్లను దాటేశాయి. కాలుష్య నిబంధనలు టూ స్ట్రోక్‌కు మరింత కష్టం తెచ్చాయి. 2001లో పల్సర్‌తో బజాజ్ మోటార్‌సైకిళ్ల వైపు పూర్తిగా మళ్లింది.

విచిత్రంగా హోండా యాక్టివాను తెచ్చింది కూడా అదే ఏడాది. హీరో గ్రూపుతో ఉన్న ఒప్పందం వల్ల 2004 వరకు హోండా సొంతంగా మోటార్‌సైకిళ్లు అమ్మే వీల్లేదు. పెరుగుతున్న మార్కెట్ అందుబాటులో లేక, అందరూ క్షీణిస్తోందనుకున్న మార్కెట్లోకి వచ్చింది. గేర్లు లేకపోవడం, సెల్ఫ్ స్టార్ట్, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఉద్యోగినులకు, విద్యార్థులకు, పెద్దవాళ్లకు నచ్చాయి. ఇంట్లో ఎవరైనా నడపగల బండి అది. టీవీఎస్ స్కూటీ 1990ల్లోనే ఈ గిరాకీకి సూచన ఇచ్చింది. 2010ల చివరికి దేశంలో అమ్ముడయ్యే ద్విచక్ర వాహనాల్లో స్కూటర్ల వాటా దాదాపు మూడో వంతుకు చేరింది.

అంటే క్షీణించింది గేర్లున్న టూ స్ట్రోక్ స్కూటరే. ముందు కాళ్లు పెట్టుకునే చోటు, సామాన్లకు జాగా, చీర కట్టుకునీ ఎక్కగల వీలున్న చిన్న బండి అవసరం ఎక్కడికీ పోలేదు. జీవిత చక్రాన్ని మొత్తం వస్తు వర్గానికి గీస్తున్నామా, అందులో ఒక రూపానికా, ఒక బ్రాండుకా అన్నది ముందు తేల్చుకోకపోతే గ్రాఫ్ తప్పుదారి పట్టిస్తుంది. నారిమన్ ధల్లా, సోనియా యుస్పె 1976లోనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ సిద్ధాంతాన్ని మరిచిపొమ్మన్నారు. అమ్మకాలు కాస్త తగ్గగానే క్షీణ దశ వచ్చిందని నిర్ణయించి ప్రచారం ఆపేస్తే, ఆ నిర్ణయమే వస్తువును చంపుతుందని వారి వాదన.

బజాజ్ నిర్ణయాన్ని పూర్తిగా తప్పనడం కూడా సరికాదు. స్కూటర్లు వదిలిన కంపెనీ మోటార్‌సైకిళ్లు, మూడు చక్రాల వాహనాల ఎగుమతుల్లో దేశంలోనే ముందు వరుసలో నిలిచింది. అయినా స్కూటర్లు ఆపేయడం తనకు బాధ కలిగించిందని రాహుల్ బజాజ్ బహిరంగంగానే అన్నారు. నిర్ణయం తీసుకున్నది ఆయన కుమారుడు రాజీవ్ బజాజ్.

2020 జనవరిలో చేతక్ పేరు తిరిగొచ్చింది, ఈసారి ఎలక్ట్రిక్ స్కూటర్‌గా. మొదట పుణె, బెంగళూరుల్లో అమ్మారు. పాత పేరుతో కొత్త వస్తువు మళ్లీ మొదటి దశలోకి దిగింది. ఈసారి లైసెన్సులు లేవు, సబ్సిడీలు తోడయ్యాయి. 2023 జూన్‌లో కేంద్రం ఫేమ్-2 పథకం కింద ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాలకిచ్చే సాయాన్ని కోయగానే ఆ నెల అమ్మకాలు దేశమంతటా పడిపోయాయి. ఈ గ్రాఫులో కొనుగోలుదారు ఇష్టం ఎంత, ప్రభుత్వ నిర్ణయం ఎంత అని వేరుచేసి చూడటం 1975లో చేతక్‌కు ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం.